దామలచెరువు మామిడి, కొండ మలుపులు, మా వ్యాను కమాన్లు: ఒక ప్రాజెక్టు డైరీ

జూలై, మామిడి సీజన్ ముగిశాక

దామలచెరువు మండీలో సందడి తగ్గింది. పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్ల క్యూలూ పోయాయి. సీజన్ అంతా వెనక సీట్లు తీసేసి మామిడి క్రేట్లు మోసిన మా పాత వ్యానుకు ఇప్పుడు కాస్త ఖాళీ దొరికింది. దసరా దాకా పెద్ద లోడ్లు ఉండవు. ఈలోగా సస్పెన్షన్, అంటే చక్రాలకూ బాడీకీ మధ్య కుదుపులు ఓర్చే స్ప్రింగులూ కమాన్లూ మొత్తం విప్పి, ప్రతి ముక్కనూ చేతిలోకి తీసుకుని చూడాలని, చూసింది చూసినట్టు రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను.

వ్యాను రెండు గుర్తులు చూపిస్తోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు ఎడమవైపు నుంచి 'టక్' అని శబ్దం. వెనక కుడివైపు బాడీ వేలెడు కిందికి దిగి ఉంది.

ఆ టక్ శబ్దం తిరుమల నుంచి దిగేటప్పుడే బాగా వినబడింది. దిగే దారి 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు. హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువగా ఉన్నది దీని మీదే. 1974 నాటి ఎక్కే రోడ్డులో అంత మెలికలు లేవు. దిగడానికి కనీసం నలభై నిమిషాలు తీసుకోవాలన్న రూలు ఉంది కాబట్టి ఎవరైనా నెమ్మదిగానే దిగుతారు. అయినా ప్రతి మలుపులో బ్రేకు పడుతుంది, బరువంతా ముందుకు తోసుకొస్తుంది, స్టీరింగ్ చివరిదాకా తిరుగుతుంది. స్ప్రింగ్, షాక్ అబ్సార్బర్ ఒకే కాడగా ఉండే మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న బండిలో స్టీరింగ్‌తో పాటు ముందు స్ప్రింగ్ కూడా తిరుగుతుంది. స్ప్రింగ్ చివర ఎక్కడైనా తట్టుకుంటుంటే ఆ తిరగడంలోనే శబ్దం రావాలి. అందుకే మొదట విప్పింది ముందు ఎడమ స్ట్రట్.

ముందు స్ప్రింగ్

ఊహించినట్టే ఉంది. అన్నిటికన్నా కింది చుట్టులో దాదాపు అరచుట్టు విరిగి, స్ప్రింగ్ అడుగున ఆనే రేకు గిన్నెలో విడిగా పడి ఉంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. విరిగిన చోటే మళ్లీ గిన్నె మీద కూర్చోవడంతో బండి ఎత్తు పెద్దగా తగ్గలేదు. ఇలాంటి ముక్క పక్కకు జారితే దాని మొన టైరు గోడను కోసేస్తుంది. ఘాట్‌లో ఆ పని జరగలేదంటే అదృష్టమే.

స్ట్రట్ విప్పేవాళ్లకు ఒక మాట. స్ప్రింగ్ కంప్రెసర్ రెండు వైపులా పట్టుకున్నాకే పైనట్టు మీద చెయ్యి వేయాలి. నొక్కి ఉంచిన స్ప్రింగ్‌లో దాగిన బలం మనిషి ముఖాన్ని పగలగొట్టగలదు. తాడు కట్టి విప్పే పద్ధతి ఇప్పటికీ కొన్ని చోట్ల చూస్తున్నాను. దయచేసి అది వద్దు.

విరిగిన ముక్కను కిరోసిన్‌తో మాత్రమే కడిగాను. వైర్ బ్రష్ ముట్టించలేదు. విరిగిన ముఖాన్ని గోకితే సాక్ష్యం పోతుంది. ఎండలో పెట్టి భూతద్దంతో చూశాను.

తీగకు అడ్డంగా తెగలేదు. ఏటవాలుగా, ఇంచుమించు నలభై అయిదు డిగ్రీల వాలులో తెగింది. కాయిల్ స్ప్రింగ్ నొక్కినప్పుడు దాని తీగ నిజానికి మెలిపడుతుంది. మెలితిరిగే కడ్డీలో లోహాన్ని గట్టిగా లాగే దిశ కడ్డీకి నలభై అయిదు డిగ్రీల్లో ఉంటుంది. పగులు ఆ లాగుడుకు అడ్డంగా తెరుచుకుంటుంది కాబట్టి మొనలా వాలుగా విరిగింది. విరిగిన ముఖంలో తీగ అడుగు అంచున, గిన్నెకు ఆనే చోట, రెండు మిల్లీమీటర్ల గోధుమరంగు మచ్చ ఉంది. మచ్చ నున్నగా ఉంది, దాని బయటి అంచు అర్ధచంద్రంలా వంగి ఉంది. మిగతా ముఖమంతా బూడిదరంగులో గరుగ్గా, కొత్తగా మెరుస్తోంది. అంటే పగులు చాలాకాలం ఆ రెండు మిల్లీమీటర్లలోనే మెల్లగా పెరిగింది, లోపలికి తడి దిగి తుప్పు పట్టింది. ఆ తర్వాత ఒకే ఒక్క గుంతలో తక్కిన తీగ అంతా ఒక్కసారిగా తెగింది.

మచ్చ మొదలైన చోట బయటివైపు పెయింట్ లేదు. సన్నటి తుప్పు గుంటలు వరసగా ఉన్నాయి. గిన్నెలో పిడికెడు మట్టి గట్టిపడి ఉంది. 2021 నవంబరు వానల్లో తిరుపతిలో వరద వచ్చినప్పుడు మా కాలనీలో వ్యాను నీళ్లలోనే నిలబడిపోయింది. ఆ ఒండ్రు అప్పటినుంచీ అక్కడే ఉండి ఉంటుంది. ఇసుకరేణువులు పెయింట్‌ను అరగదీశాయి, తడి తుప్పు పట్టించింది, తుప్పు గుంట పగులుకు మొదలయ్యింది.

కొలతలు తీసి లెక్క వేశాను. తీగ మందం 10 మిల్లీమీటర్లు, చుట్టు సగటు వ్యాసం 100. స్ప్రింగ్ మీద 2,500 న్యూటన్లు, అంటే సుమారు 250 కిలోల బరువు అనుకుందాం. బరువు F, చుట్టు వ్యాసం D, తీగ మందం d గా తీసుకుని 8FD ని πd³ తో భాగిస్తే 637 మెగాపాస్కల్స్, అంటే చదరపు మిల్లీమీటరుకు 637 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. చుట్టు లోపలివైపు ఒత్తిడి ఇంకాస్త ఎక్కువ. దానికోసం వాడే సవరణ సంఖ్య, వాల్ గుణకం, ఈ కొలతలకు 1.145. గుణిస్తే 729. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడే ఇంత. తీగ నడిమధ్యలో మాత్రం సున్నా. మెలిపెట్టినా వంచినా భారమంతా పైపొరే మోస్తుంది, అందుకే ఆ పైపొర మీద చిన్న గుంట పడినా స్ప్రింగ్‌కు ప్రాణాంతకమవుతుంది.

పెద్దాయన సుత్తి

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. సెట్టిపల్లి దగ్గరి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. స్ప్రింగ్ ముక్క చూపించగానే అద్దాలు పైకి నెట్టుకుని, "ఇది ఇవాళ విరిగింది కాదు నాయనా, ఏడాది కిందటే మొదలైంది" అన్నారు.

ఈ సంగతిని లోకం మొదట రైళ్ల దగ్గరే నేర్చుకుంది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి పట్టాలు తప్పింది, మంటలు లేచి యాభై మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడే స్కాట్లాండ్ ఇంజనీరు రాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించాడు. ఇరుసు మందం మారే చోట చదరపు మూల ఉంటే పగులు అక్కడే పుడుతుందని, ఆ మూలను వంపుగా మలచమని చెప్పాడు. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసుల మీద ప్రయోగాలు చేశాడు. లోహం ఒక్క దెబ్బకు తట్టుకునే బరువు వేరు, లక్షలసార్లు మళ్లీ మళ్లీ పడితే తట్టుకునే బరువు వేరు అని అంకెలతో చూపించి, 1870 నాటికి ఫలితాలన్నీ ప్రచురించాడు.

మా మెకానిక్ మాత్రం, "ఇనుము చచ్చిపోయిందినా, పాతబడితే అంతే" అన్నాడు. వర్క్‌షాపుల్లో అందరూ చెప్పే మాటే. రాంకిన్ కాలంలో కూడా కుదుపులకు ఇనుము మొత్తం స్ఫటికాలుగా మారి పెళుసెక్కుతుందని నమ్మేవాళ్లు. విరిగిన ముఖంలో గరుకు గింజలు కనబడతాయి కాబట్టి ఆ నమ్మకం కలిగింది. 1903లో యూయింగ్, హంఫ్రీ అనే పరిశోధకులు మైక్రోస్కోపు కింద చూపించింది వేరు. కొన్ని రేణువుల్లో మాత్రమే సన్నని జారుడు గీతలు పడి, అవే ముదిరి పగుళ్లవుతాయి. పక్కనున్న లోహం ఆరోగ్యంగానే ఉంటుంది. ఈ తేడాను మెకానిక్‌కు కళ్లారా చూపించాలని అనుకున్నాను. ఆ అవకాశం ముందు చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ దగ్గర దొరికింది. దానికంటే ముందుగా, వెనకవైపు కమాన్ల సంగతి రాస్తాను.

వెనక కమాన్లు

వెనక రెండు వైపులా కమాను అంటే మూడేసి ఉక్కు పట్టీల కట్ట. కట్టలను దింపి, వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు, పట్టీలను కలిపే సెంటర్ బోల్టు తీసి, పట్టీలను విడదీశాం. పెద్దాయన ఒక్కో పట్టీని తాడుకు వేలాడదీయమన్నారు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయారు, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు. అయిదు పట్టీలు ఖంగుమన్నాయి. కుడివైపు మెయిన్ పట్టీ ఒక్కటి మొద్దుగా, తొందరగా ఆగిపోయే శబ్దం ఇచ్చింది.

దాన్ని కిరోసిన్‌తో తుడిచి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, సెంటర్ బోల్టు రంధ్రం పక్కన పైముఖం మీద వెంట్రుకలాంటి నెర్రె. రెండోది, పట్టీ కొసన గుండ్రంగా చుట్టి ఉండే కంటి దగ్గర పాత వెల్డింగ్. ఎప్పుడో ఒక రోడ్డుపక్క షాపులో కన్ను చీలితే అతికించి పంపారట, మా నాయనకు ఆ సంగతి లీలగా గుర్తుంది. వెల్డింగ్ పక్కనే ఇంకో పగులు మొదలైంది.

కమాను పట్టీలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. అంత కార్బన్ ఉన్న ఉక్కును వెల్డ్ చేస్తే, అతుకు పక్కన వేడెక్కిన లోహం చుట్టూ ఉన్న చల్లని పట్టీ వల్ల గబగబా చల్లారి గాజులా గట్టిపడుతుంది. ఇంకొంచెం దూరంలో ఫ్యాక్టరీలో ఇచ్చిన టెంపర్ పోయి మెత్తబడుతుంది. ఒక పక్క పెళుసు, ఇంకో పక్క మెత్తన. ఇక అది కమాను కాదు. కమాను పట్టీనీ కాయిల్ స్ప్రింగ్‌నూ ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా వెల్డ్ చేయించకూడదు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

రంధ్రం పక్కన నెర్రె ఎందుకొచ్చిందో యూ బోల్టులే చెప్పాయి. విప్పేటప్పుడు రెండు నట్లు చాలా తేలిగ్గా తిరిగాయి. యూ బోల్టులు గట్టిగా ఉన్నంతకాలం పట్టీ నడిభాగం ఇరుసు మీద బిగిసి ఉంటుంది, వంగడం ఆ బిగింపు బయట మొదలవుతుంది. నట్లు వదులైతే నడిభాగం కూడా వంగుతుంది. అక్కడ రంధ్రం ఉంది. రంధ్రం అంచున ఒత్తిడి పట్టీ సగటుకు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఇరుసు మధ్యలో పైకి తోస్తుంటే, బండి బరువు రెండు కొసల్నీ కిందికి నొక్కుతుంటే, లాగుడు పడేది పట్టీ పైముఖం మీద. నెర్రె పైముఖం మీదే ఉండటంలో వింతేమీ లేదు.

కమాన్ల లెక్క కూడా వేశాను. వెడల్పు 50, మందం 6 మిల్లీమీటర్లు, మధ్య నుంచి కన్ను దాకా 500. ఒక కట్ట మీద 2,000 న్యూటన్లు, అంటే ఒక్కో కొసన 1,000. కొస మీది బరువు F, పొడవు L, పట్టీల సంఖ్య n, వెడల్పు b, మందం t గా తీసుకుని 6FL ని nbt² తో భాగిస్తే సుమారు 556 మెగాపాస్కల్స్. క్రేట్లు ఎక్కించి బరువు సగం పెంచితే 830 దాటుతుంది. మరో సంగతి, ఈ సూత్రంలో మందం వర్గంలో ఉంది. తుప్పుకు అర మిల్లీమీటరు పోయి పట్టీ 5.5 అయితే, అదే బరువుకు ఒత్తిడి దాదాపు 19 శాతం పెరుగుతుంది. పగులు పెరిగే వేగం ఉక్కులో ఇంచుమించు ఒత్తిడి ఘనంతో నడుస్తుంది. ఈ సంబంధాన్ని 1960ల మొదట్లో పాల్ పారిస్ అనే ఇంజనీరు రాసి పెట్టాడు. 1.19 ని మూడుసార్లు గుణిస్తే సుమారు 1.7. అర మిల్లీమీటరు తుప్పుకు పగులు వేగం 70 శాతం పెరిగిందన్నమాట.

"ఇంకో పట్టీ ఎక్కువ వేద్దాంనా, లోడుకు నిలబడతాది" అన్నాడు మెకానిక్. మామిడి బళ్లకు చాలామంది అలాగే చేస్తారు. నేను వద్దన్నాను. పట్టీకి భారం తగ్గేమాట నిజమే. కానీ కట్ట బిరుసెక్కితే ప్రతి గుంత దెబ్బా కట్ట కొసను పట్టుకునే షాకిల్‌కూ, దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్‌కూ వెళుతుంది. ఆ బ్రాకెట్లు రేకుతో చేసి వెల్డ్ చేసినవి. పట్టీ విరిగితే మార్చుకోవచ్చు, ఛాసిస్ చీలితే బండే పోతుంది. క్రేట్లు తగ్గించుకుంటాం. నాయన కూడా ఒప్పుకున్నారు.

రెండు వైపులా కొత్త కట్టలు ఆర్డర్ పెట్టాం. ముందు స్ప్రింగులు కూడా జతగానే. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే బండి వాలుతుంది. పైగా పాతది కూడా అదే మట్టిలో, అదే వయసులో ఉంది.

లోయర్ ఆర్మ్, ఎర్ర గీత

ఈ వారం కంటికి కనబడని పగుళ్లను రంగుతో బయటపెట్టే డై పెనెట్రెంట్ కిట్ తెచ్చాను. మూడు స్ప్రే డబ్బాలు ఉంటాయి: క్లీనర్, ఎర్రరంగు, తెల్లటి డెవలపర్. ఆటోనగర్‌లో దొరకలేదు, వెల్డింగ్ సామాన్ల డీలరు తెప్పించి ఇచ్చాడు.

ఎడమ లోయర్ ఆర్మ్ పెయింట్‌ను స్ట్రిప్పర్‌తో కరిగించి తీశాను. గ్రైండర్ పెడితే లోహం పగులు మూతిమీదికి పూసుకుపోయి రంగు లోపలికి దిగదు. క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, ఎర్రరంగు కొట్టి, పావుగంట వదిలేశాను. తర్వాత గుడ్డకు క్లీనర్ తడిపి తుడిచాను. క్లీనర్‌ను నేరుగా ఆర్మ్ మీద కొడితే పగుల్లో ఉన్న రంగు కూడా కడుక్కుపోతుంది. చివరగా డెవలపర్ పల్చగా కొట్టాను.

తెల్లటి పొడి ఆరుతుండగా రబ్బరు బుష్ కూర్చునే వెనక గొట్టం వెల్డింగ్ అంచు వెంబడి ఒక ఎర్ర చుక్క లేచింది. దాని పక్కన ఇంకొకటి. కొద్ది నిమిషాల్లో చుక్కలు కలిసి, అతుకు అంచు దగ్గర వంపు తిరిగిన సన్నని గీత అయ్యింది. స్కేలు పెడితే పద్దెనిమిది మిల్లీమీటర్లు. అదే చోటును నాలుగు రోజుల ముందు టార్చి వేసి చూసినప్పుడు ఏమీ కనబడలేదు. పక్కనే ఉన్న మెకానిక్ వంగి చూసి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎన్ని బండ్లకు ఇది చూడకుండానే బుష్ కొట్టి పంపించినామో" అన్నాడు.

పగులు వెల్డింగ్ అంచు దగ్గరే ఎందుకంటే, అక్కడ ఆకారం చటుక్కున మారుతుంది. వెల్డింగ్ కరిగి గట్టిపడేటప్పుడు సన్నని కోతలు మిగులుతాయి, చల్లారేటప్పుడు లోహంలో లాగుడు ఉండిపోతుంది. ఇంకాస్త బలమైన ఉక్కుతో ఆర్మ్ చేసినా అతుకు దగ్గర ఆయుష్షు పెద్దగా పెరగదు.

చనిపోయిన ఇనుము సంగతి ఇక్కడే తేల్చుకున్నాం. పగులుకు రెండు సెంటీమీటర్ల పక్క నుంచి ఆర్మ్ రేకును ఒక పట్టీగా కోశాం. వైస్‌లో బిగించి సుత్తితో వంచితే పూర్తిగా మడత పడింది, ఎక్కడా చిట్లలేదు. ఇన్నేళ్లు గుంతలు తిన్న లోహమే అది. ముసలిదైంది ఇనుమంతా కాదు, అతుకు పక్కన ఒక్క గీత మేర. మెకానిక్ ఆ మడతను తన షాపులో గోడకు వేలాడదీశాడు.

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన సంగతి ఈ రెండు ముక్కల మధ్య తేడా. ఆర్మ్ మెత్తని ఉక్కు. పగులు పద్దెనిమిది మిల్లీమీటర్లు పెరిగినా విరగలేదు. వెతికేవాడికి అది సమయం ఇస్తుంది. స్ప్రింగ్ అతి బలమైన ఉక్కు. రెండు మిల్లీమీటర్ల పగులుకే ఒక్కసారిగా తెగింది. లోహం ఎంత బలమైనదైతే అంత చిన్న పగులుకు లొంగిపోతుంది. కాబట్టి ఆర్మ్‌లో పగులు వెతకాలి, స్ప్రింగ్‌లో పగులు పుట్టనివ్వకూడదు. సర్వీసులో బుష్షులు చూసి పంపేయడం ఆర్మ్‌కు చాలదు. స్ప్రింగ్‌కు వేసే పెయింట్ అలంకారం అనుకోవడం అంతకన్నా ప్రమాదం.

ఆగస్టు, గ్రైండర్ మోటారు

పైపొర మీద చిన్న గాటు, తుప్పు ఎంత చేటు చేస్తాయో కళ్లతో చూడాలనిపించింది. వోలర్ పద్ధతిలో ఒక చిన్న యంత్రం కట్టాం. ఇంట్లో పక్కన పడేసిన వెట్ గ్రైండర్ మోటారు, అర హార్స్‌పవర్, 1,440 ఆర్‌పీఎం. ఆటోనగర్ లేత్ షాపులో దాని షాఫ్టుకు కడ్డీని దవడలతో పట్టుకునే చక్ అమర్చారు. చక్‌లో 8 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ కడ్డీ, దాని రెండో కొసకు 608 బేరింగు, బేరింగుకు వేలాడే బకెట్టు, అందులో తూకం వేసిన ఇసుక. కడ్డీ తిరుగుతుంటే పైభాగం లాగబడుతుంది, అదే భాగం అర చుట్టు తర్వాత కిందికి వచ్చి నొక్కబడుతుంది.

కడ్డీ నడుము దగ్గర పెద్ద వంపుతో 6 మిల్లీమీటర్లకు తగ్గించి, నిలువుగా ఎమరీ పట్టించాం. నడుము లేకపోతే చక్ దవడలు కొరికిన చోటే విరుగుతుంది, అది పరీక్ష కాదు. నడుము నుంచి బేరింగు దాకా 100 మిల్లీమీటర్లు. 6.5 కిలోల ఇసుక వేస్తే నడుము దగ్గర దాదాపు 300 మెగాపాస్కల్స్ పడుతుంది. బకెట్టు కింద ఒక లిమిట్ స్విచ్ పెట్టాం. కడ్డీ విరిగి బకెట్టు పడగానే మోటారూ, దానితో పాటు ఒక గోడగడియారమూ ఆగిపోతాయి. గంటకు 86,400 చుట్లు కాబట్టి గడియారం చూస్తే లెక్క తెలిసిపోతుంది. విరిగిన ముక్క ఎగురుతుంది, చుట్టూ ప్లైవుడ్ పెట్టె తప్పనిసరి.

నున్నని కడ్డీ పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తిరిగింది. ఆకురాయితో నడుముకు అడ్డంగా చిన్న గాటు పెట్టిన కడ్డీ అరగంట కూడా నిలవలేదు. అదే లోతు గీతను నిలువుగా పెట్టినది మధ్యాహ్నం దాటింది. లాగుడుకు అడ్డంగా ఉన్న గీతే పగులుకు నోరు తెరుస్తుంది. కమాను పట్టీని ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు పొడవునా రుద్దాలి, అడ్డంగా కాదు.

తర్వాత ఇసుకను 4 కిలోలకు తగ్గించాం, 185 మెగాపాస్కల్స్. పొడిగా నడిచిన కడ్డీ కోటి చుట్లు దాటింది, విరగలేదు. కోటి చుట్లకు దాదాపు అయిదు రోజులు ఆగకుండా తిరగాలి. కరెంటు పోయినప్పుడల్లా ఆగింది, వచ్చాక మళ్లీ నడిపించాం. ఆపి విశ్రాంతి ఇస్తే ఉక్కు కోలుకుంటుందని ఏమీ లేదు, పడిన చుట్లన్నీ ఖాతాలోకి వెళతాయి. అదే బరువుతో ఇంకో కడ్డీ నడుము మీద ఉప్పునీళ్లు చుక్కలుగా పడేట్టు సెలైన్ గొట్టం కట్టాం. అది మరుసటి రోజే విరిగింది. పొడి గాలిలో ఉక్కుకు ఒక హద్దు ఉంది, ఆ హద్దు కింద ఎన్ని లక్షలసార్లు వంచినా దాదాపు విరగదు. తుప్పు తోడైతే ఆ హద్దే ఉండదు. పెద్దాయన విరిగిన ముక్కలన్నీ వరసగా పెట్టించుకుని, ఒక్కోదాని మీద బరువు, గంటలు మార్కర్‌తో రాయించారు.

బిగింపు

కొత్త సామాన్లు వచ్చాయి. కొత్త కాయిల్ స్ప్రింగ్ ఉపరితలం సన్నని గుంటలతో గరుగ్గా కనబడుతుంది, చాలామంది అది లోపం అనుకుంటారు. షాట్ పీనింగ్ వల్ల వచ్చేది అది. చిన్న ఉక్కు గుళ్లతో పైపొరను కొట్టి నొక్కి ఉంచుతారు. నొక్కి ఉన్న పొరలో పగులు తెరుచుకోవడం కష్టం. ఈ పీనింగ్ తీవ్రతను కొలవడానికి జనరల్ మోటార్స్‌లో ఆల్మెన్ కనిపెట్టిన సన్నటి ఉక్కు పట్టీనే ఇప్పటికీ వాడుతున్నారు. మెరుపు కోసం ఆ గరుకును పాలిష్ చేస్తే డబ్బు పెట్టి కొన్న రక్షణను తీసేసినట్టే.

కింది గిన్నెలు రెండూ తుప్పు తీసి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, దానిమీద రెండు పూతల పెయింట్ వేశాం. నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉన్నాయి, వాటిని తెరిచాం. స్ప్రింగ్ కింద రబ్బరు ప్యాడ్ కొత్తది. కమాన్ పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పూసి కట్టాం. యూ బోల్టులు కొత్తవి వేశాం. ఒకసారి లాగి బిగించిన పాతవాటిని మళ్లీ వాడలేదు. బండి నేలమీద నిలబడి బరువు పడ్డాకే టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించాం. ఆర్మ్ బుష్ బోల్టులు కూడా చక్రాలు నేలమీద ఉన్నప్పుడే బిగించాలి. జాకీ మీద ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ఆ మెలి ఆర్మ్ అతుకు మీదికే వెళుతుంది.

చంద్రగిరి దాకా వెళ్లి వచ్చాం. టక్ శబ్దం లేదు. వెనక ఎత్తు రెండు వైపులా సమానంగా ఉంది.

ఇంకా మిగిలిన పనులు: కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి, కొత్త పట్టీలు ఒకదానిమీద ఒకటి సర్దుకుంటాయి కాబట్టి ఇది వదిలేయకూడదు. వానలు మొదలైన ప్రతిసారీ పైపుతో స్ప్రింగ్ గిన్నెలు కడగాలి. కుడివైపు లోయర్ ఆర్మ్‌కు పరీక్షలో ఏ గీతా రాలేదు, దాన్ని అలాగే ఉంచాం. మళ్లీ మామిడి సీజన్‌కు ముందు దానికి ఇంకోసారి ఎర్రరంగు కొట్టి చూడాలి. మెకానిక్ తన షాపుకు ఒక కిట్ తెప్పించుకున్నాడు. వచ్చేవారం అతని దగ్గరికి వస్తున్న ఒక ట్యాక్సీ ఆర్మ్‌లు ఇద్దరం కలిసి చూస్తున్నాం.